స్క్రూటినీ షెడ్డు: రేసులు ఆపేయాలా?

మైలేజీ, క్లచ్ ప్లేట్లు, సెకండ్ హ్యాండ్ డీజిల్ బండ్ల గురించి రాసినవాళ్లు ఇంకో నెల ఓపిక పట్టాలి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: రేసుల్లో చావులు. 2023 జనవరి 8న మద్రాస్ దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద సీనియర్ డ్రైవర్ కె.ఈ. కుమార్ గారు పోయారు. ఆయనకి 59 ఏళ్లు. ఇంకో కారుకు తగిలి, ఆయన కారు ట్రాక్ దాటి కంచెను గుద్ది తలకిందులైంది. జూలై 1న బెల్జియంలోని స్పా ట్రాక్ మీద, జోరు వానలో, దిలానో వాంట్ హాఫ్ అనే 18 ఏళ్ల డచ్ కుర్రాడు పోయాడు. ఆగస్టు 5న మళ్లీ ఇరుంగట్టుకోట్టైలోనే, బైక్ రేసులో, బెంగళూరు పిల్లవాడు. 13 ఏళ్లు. మొదటి మలుపు దాటుతూ పడ్డాడు, తలకు దెబ్బ తగిలింది.

కొత్తగా చదివేవాళ్ల కోసం నా సంగతి ఒక ముక్క. నాకు రాణిగంజ్ వెనక గల్లీలో కార్ల షెడ్డు ఉంది. రేసులప్పుడు షెడ్డు తమ్ముడికి అప్పజెప్పి స్క్రూటినీర్‌గా వెళ్తాను. రేసుకు ముందు కారు, హెల్మెట్, సూటు చూసి, అన్నీ సరిగ్గా ఉంటేనే స్టిక్కర్ అంటించే పని. జీతం లేదు, తిట్లు మాత్రం దండిగా ఉంటాయి.

సార్, కోడిపందేలు తప్పంటారు, జల్లికట్టు మీద సుప్రీంకోర్టు దాకా వెళ్తారు. మనుషులు చచ్చిపోయే ఆటకు మాత్రం అనుమతి ఇస్తారు. మోటార్ రేసింగ్‌ని పూర్తిగా నిషేధిస్తే పోదా?
– న్యాయశాస్త్ర విద్యార్థి, ఉస్మానియా యూనివర్సిటీ

నిషేధించి చూసిన దేశం ఒకటుంది బాబూ. 1955 జూన్ 11న ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసులో పియేర్ లెవె నడుపుతున్న మెర్సిడెస్ ముందున్న కారుకు తగిలి గాల్లోకి లేచింది, దాని ముక్కలు ప్రేక్షకుల మీద పడ్డాయి. 80 మందికి పైగా చనిపోయారు. మోటార్ రేసింగ్ చరిత్రలో అంతకు మించిన ఘోరం లేదు. ఆ తర్వాత స్విట్జర్లాండ్ తన గడ్డ మీద సర్క్యూట్ రేసులే వద్దంది. దశాబ్దాలపాటు ఆ మాట మీదే ఉంది.

మరి స్విస్ డ్రైవర్లు ఏం చేశారు? సరిహద్దు దాటి వెళ్లి నడిపారు. వాళ్లలో జో సిఫెర్ అనే మంచి డ్రైవర్ 1971 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హాచ్‌లో పోయాడు. కారు బోల్తాపడి అంటుకుంది. పొగ పీల్చి చనిపోయాడు. ఆర్పడానికి పరుగెత్తుకొచ్చినవాళ్ల చేతుల్లోని సిలిండర్లు పనిచేయలేదు. స్విట్జర్లాండ్ చట్టం ఆయన్ని కాపాడలేకపోయింది. ఆ చావు తర్వాత కార్లలోనే మంటలార్పే ఏర్పాటు ఉండాలని, హెల్మెట్‌లోకి గాలి గొట్టం ఉండాలని నిబంధనలొచ్చాయి. తర్వాతివాళ్లకు పనికొచ్చింది ఆ నిబంధనలే.

అందుకని నిషేధం గురించి కాదు, మీరు లా చదువుతున్నారు కాబట్టి వేరే సంగతి పట్టుకోండి. ప్రమాదం జరిగిన ప్రతిసారీ పత్రికల్లో 'విచారణకు ఆదేశం' అని వస్తుంది. ఆ విచారణ నివేదిక జనం చదవడానికి ఎక్కడుందో అడగండి. 2014 అక్టోబరు 5న జపాన్‌లోని సుజుకాలో, వానలో, చీకటి పడుతున్నప్పుడు ఫార్ములా వన్ డ్రైవర్ జూల్ బియాంకి కారు ట్రాక్ పక్కనున్న ట్రాక్టర్‌ను గుద్దింది. అంతకుముందే అక్కడ ఆగిపోయిన కారును తీయడానికి వచ్చిన బండి అది. అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సమాఖ్య పదిమందితో కమిటీ వేసి 396 పేజీల నివేదిక రాయించింది. బియాంకి తొమ్మిది నెలలు కోమాలో ఉండి 2015 జూలైలో కన్నుమూశాడు. ఆ ఏడాది నుంచే వర్చువల్ సేఫ్టీ కార్ పద్ధతి వచ్చింది. ప్రమాదం జరగ్గానే అన్ని కార్లూ ఒకేసారి నిర్ణీత వేగానికి తగ్గాలి. డ్రైవర్ ఇష్టానికి వదలరు.

అంత జరిగాక కూడా 2022లో అదే సుజుకాలో, అదే వానలో, కార్లు తిరుగుతుండగానే మళ్లీ ట్రాక్టర్ వచ్చింది. పియేర్ గ్యాస్లీ అనే డ్రైవర్ దాని పక్కనుంచి దూసుకుపోయి రేడియోలో కేకలేశాడు. పాత నివేదిక సారాంశం జనం దగ్గర ఉంది కాబట్టే ఆ సాయంత్రమే ప్రపంచమంతా సమాఖ్యను నిలదీసింది. మన దగ్గర 'అంతా రాసిపెట్టి ఉంది' అని దండ వేసి ఫైలు మూసేస్తే, పదేళ్ల తర్వాత అదే తప్పు జరిగినప్పుడు దేన్ని చూపించి నిలదీస్తాం?

గురువుగారూ, ఫార్ములా కార్లకు డ్రైవర్ తల చుట్టూ ఆ హేలో చట్రం పెట్టాక అందం పోయింది. ఓపెన్ కాక్‌పిట్ అంటే ఓపెన్‌గానే ఉండాలి. రిస్కు తీసేస్తే ఇక రేసెందుకు, బస్సెక్కి వెళ్లొచ్చు కదా?
– ఐటీ ఉద్యోగి, కొండాపూర్

బస్సును తక్కువ చేయకండి. మెహిదీపట్నం నుంచి సాయంత్రం ఆరు గంటలకు బయల్దేరే సిటీ బస్సు డ్రైవర్ ఓపిక ఏ రేసర్‌కీ ఉండదు.

అందం విషయంలో మీరు ఒంటరి కారు. 2018లో హేలో తప్పనిసరి చేసినప్పుడు మెర్సిడెస్ జట్టు అధిపతి టోటో వోల్ఫే, చేతికి రంపమిస్తే కోసిపారేస్తానన్నాడు. నిక్కీ లౌడాకూ నచ్చలేదు. 1976లో రేసు ప్రమాదంలో సగం ముఖం కాలి బతికి బయటపడ్డ మనిషి ఆయన. డ్రైవర్ల సంఘంలో పెద్ద మనిషిగా ఉన్న రొమెయిన్ గ్రోజాన్ కూడా వద్దన్నవాళ్లలోనే ఉన్నాడు. 2020 నవంబరు 29న బహ్రెయిన్‌లో ఆయన కారే గంటకు 190 కిలోమీటర్లకు పైగా వేగంతో ఇనుప రెయిలింగ్‌ను చీల్చుకుని లోపలికి దూరింది. కారు రెండు ముక్కలై భగ్గుమంది. ఆ రెయిలింగ్ తల దగ్గరికి రాకుండా అడ్డుపడింది హేలోనే. 28 సెకన్లు మంటల్లో ఉండి చేతులు కాల్చుకుని బయటికొచ్చాడు. ఆ రాత్రే ఆస్పత్రి మంచం మీద నుంచి, నేను దీన్ని వద్దన్నాను, ఫార్ములా వన్‌లోకి తెచ్చిన వాటిలో ఇదే గొప్పది అని చెప్పాడు.

దాని బరువు దాదాపు 7 కిలోలు. టైటానియంతో చేస్తారు. 12 టన్నుల దాకా బరువు మోపినా తట్టుకోవాలి. మీకు అడ్డంగా కనిపించేది డ్రైవర్‌కు మాత్రం అడ్డం రాదు. ముక్కు మన కళ్ల ముందే ఉన్నా రోడ్డు కనిపిస్తూనే ఉంటుంది కదా.

ఇంతకంటే నాకు ఇష్టమైన కథ హాన్స్‌ది. డ్రైవర్ భుజాల మీద కాలర్‌లా కూర్చుని హెల్మెట్‌ను పట్టీలతో కట్టేసే పరికరం. కారు గోడను గుద్దితే ఒళ్లు బెల్టులో ఆగిపోతుంది, తల మాత్రం ముందుకు పోతుంది. అప్పుడు పుర్రె అడుగుభాగం విరుగుతుంది. దాన్ని ఆపడానికి 1980లలో అమెరికాలో ఒక బావ, ఒక బావమరిది కలిసి దీన్ని తయారుచేశారు. రాబర్ట్ హబ్బర్డ్ ప్రొఫెసర్, జిమ్ డౌనింగ్ రేసర్. చాలా ఏళ్లపాటు ఎవరూ కొనలేదు. మెడ కదలదని, ఉక్కపోస్తుందని సాకులు. 2000లో అమెరికాలోని నాస్కార్ కార్ల రేసుల్లో ముగ్గురు డ్రైవర్లు పోయినా కదలిక లేదు. 2001 ఫిబ్రవరి 18న డేటోనాలో ఆఖరి ల్యాప్‌లో డేల్ ఎర్న్‌హార్ట్ పోయాక, ఆ అక్టోబరులో ఇలా తల, మెడ పట్టి ఉంచే పరికరం తప్పనిసరి చేశారు. అంత పేరున్న మనిషి పోతే తప్ప నిబంధన మారలేదు. నాకు మంట పుట్టేది అక్కడే.

షెడ్డులో నాకూ రోజూ ఇదే గొడవ. ఒకసారి ఒక జట్టు తేదీ దాటిన సీటు బెల్టుతో వచ్చింది. రేసు బెల్టు మీద ఏ ఏడాది దాకా పనికొస్తుందో కుట్టి ఉంటుంది. ఎండకి, చెమటకి పట్టీ బలం పోతుంది, పైకి కొత్తగానే కనిపిస్తుంది. 'అన్నా, ఒక్క రేసే కదా' అన్నారు. స్టిక్కర్ ఇవ్వలేదు. పక్క జట్టు దగ్గర అరువు తెచ్చుకుని నడిపారు. ఆ కారుకు ఏ ప్రమాదమూ జరగలేదు. అందుకే వాళ్లు నన్ను ఇప్పటికీ తిడుతుంటారు.

అన్నయ్యగారూ, మా బాబుకు 14 ఏళ్లు. రెండేళ్లుగా కార్టింగ్ చేస్తున్నాడు. ఇప్పుడు బైక్ రేసుల్లోకి వెళ్తానంటున్నాడు. ఆగస్టు వార్త చూశాక మా అత్తగారు అన్నం మానేశారు. మావారు వాడి వైపు. నేనేం చెయ్యాలి?
– ఒక తల్లి, నాచారం

అమ్మా, మీ అత్తగారి భయానికి కారణం ఉంది. ముందు ఆవిడ చేత అన్నం తినిపించండి.

కారు రేసుకీ బైక్ రేసుకీ తేడా మీ ఇంట్లో అందరికీ తెలియాలి. కారులో డ్రైవర్ చుట్టూ పంజరం ఉంటుంది. బైక్ మీద పిల్లవాడే బయట ఉంటాడు. పడటం వల్ల వచ్చే దెబ్బ ఒక ఎత్తు, వెనకొచ్చే బండ్లు తగలడం ఇంకో ఎత్తు. చిన్న ఇంజన్ల రేసుల్లో అందరి వేగమూ దాదాపు ఒకటే కాబట్టి గుంపుగా అంటుకుని వెళ్తారు. ఒకడు పడితే వెనకవాడికి తప్పుకునే సందు ఉండదు. 2021లో ఇలాగే ముగ్గురు పిల్లలు పోయారు. మే నెలలో ఇటలీలో జేసన్ డుపాస్కియే, 19. జూలైలో స్పెయిన్‌లో హ్యూగో మిలాన్, 14. సెప్టెంబరులో మళ్లీ స్పెయిన్‌లోనే డీన్ బెర్టా వినాలెస్, 15. ఆ తర్వాత అంతర్జాతీయ బైక్ సమాఖ్య కనీస వయసులు పెంచింది, చిన్న తరగతుల్లో బండ్ల సంఖ్య తగ్గించింది. 2023 నుంచి గ్రాండ్ ప్రీలోకి కొత్తగా రావాలంటే, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, 18 ఏళ్లు నిండాలి.

వయసు పెంచితే చాలా అని నన్నడిగితే, చాలదంటాను. కానీ 14 ఏళ్ల పిల్లవాడికి భయమంటే ఏంటో ఇంకా తెలియదు, మెడ ఎముకలు కండరాలు పూర్తిగా గట్టిపడవు. పడినప్పుడు ఎలా పడాలో, ఎప్పుడు బండి వదిలేయాలో తెలియడానికి ఏళ్లు పడుతుంది. నా చేతిలో ఉంటే ఇంకో రెండేళ్లు కార్టింగ్‌లోనే ఉంచుతాను. నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ దాకా వెళ్లింది నాలుగు చక్రాల మీదే, వాడికి గుర్తుచేయండి.

వాడు మొండికేస్తే ఒక పని చేయండి. నేరుగా పోటీకి కాదు, ముందు ట్రైనింగ్ స్కూల్‌కు పంపించండి, మీరూ వెంట వెళ్లండి. అక్కడ ఆఫీసులో కూర్చోకుండా ట్రాక్ చుట్టూ నడిచి చూడండి. మలుపుల బయట గులకరాళ్ల మైదానం ఉందా, లేక నేరుగా గోడ ఉందా? గోడ ఉంటే దాని ముందు గాలి దిమ్మెలు పెట్టారా? అంబులెన్స్‌లో డ్రైవర్ ఒక్కడే ఉన్నాడా, డాక్టర్ కూడా ఉన్నాడా? ఆ అంబులెన్స్ ఎవరినైనా తీసుకుని వెళ్లిపోతే రెండోది వచ్చేదాకా ట్రైనింగ్ ఆపుతారా? ఈ చివరి ప్రశ్నకు తడబడితే పిల్లాడి చెయ్యి పట్టుకుని బస్టాండ్‌కు వచ్చేయండి. సూటు విషయంలో ఒకే మాట: 'పెరుగుతాడు కదా' అని ఒక సైజు పెద్దది కొనొద్దు. బడి యూనిఫాంకి అది చెల్లుతుంది. వదులుగా ఉన్న లెదర్ సూట్ పడినప్పుడు జరిగిపోతుంది, మోచేతి రక్షణ మోచేతి దగ్గర ఉండదు. హెల్మెట్‌కూ అంతే, తల అటూ ఇటూ ఊపితే అది తలతోపాటే కదలాలి.

అన్నా, మేం ఫ్రెండ్స్ శనివారం రాత్రి రాయదుర్గం నాలెడ్జ్ సిటీ రోడ్ల మీద రేసులు పెట్టుకుంటాం. అందరికీ మంచి హెల్మెట్లు ఉన్నాయి. ట్రాక్ మీద కూడా చస్తున్నారు కదా, మమ్మల్నే ఎందుకు తిడతారు?
– పేరు రాయలేదు, గచ్చిబౌలి

ట్రాక్ మీద ఎదురుగా ఆటో రాదు తమ్ముడూ. డివైడర్ మధ్యలోంచి నైట్ డ్యూటీ దిగిన సెక్యూరిటీ గార్డు రోడ్డు దాటడు. నువ్వు పడితే జెండా ఊపి వెనకవాళ్లను ఆపే మనిషి ఉంటాడు. మీ శనివారం రేసులో నీ వెనక ఎవడున్నాడు?

కోట శ్రీనివాసరావు గారి అబ్బాయి 2010లో, అజారుద్దీన్ గారి అబ్బాయి 2011లో మన ఔటర్ రింగ్ రోడ్డు మీద బైక్ ప్రమాదాల్లోనే పోయారు. డబ్బుకి, బండికి, హెల్మెట్‌కి కొదవ ఉన్న ఇళ్లు కావు. జాతీయ ఛాంపియన్‌గా పేరున్న రేసర్ అశ్విన్ సుందర్ 2017 మార్చిలో పోయింది ట్రాక్ మీద కాదు, చెన్నై నగరంలో. రాత్రి పూట కారు చెట్టును గుద్ది అంటుకుంది, పక్కన భార్య కూడా. 2021 ఒక్క ఏడాదిలో మన దేశంలో రోడ్ల మీద 1,53,972 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. మీ సరదా కోసం ఆ లెక్కలో ఇంకొకణ్ని కలపొద్దు. అంత వేగం కావాలంటే డబ్బు పోగేసుకుని కోయంబత్తూర్ కరి రేస్ ట్రాక్‌కు వెళ్లండి. నలుగురూ కలిసి రైలెక్కితే ఒక సూపర్ బైక్ టైరు ఖర్చులో అయిపోతుంది.

2023 ఫిబ్రవరిలో ఫార్ములా-ఈ బ్యాటరీ కార్ల రేసు కోసం హుస్సేన్ సాగర్ చుట్టూ రోడ్లు మూసేశారు. నేను రోజూ అక్కడ వాకింగ్ చేస్తాను. ఊరి మధ్యలో ఇలాంటి రేసు పెట్టడం ప్రమాదం కాదా?
– రిటైర్డ్ ఉద్యోగి, ఖైరతాబాద్

ఫిబ్రవరి 11న ఖైరతాబాద్ ఫ్లైఓవర్ కింద ఇరుక్కున్నవాళ్లలో నా షెడ్డు కుర్రాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల మాటలు ఇక్కడ అచ్చు వేయలేను.

2.83 కిలోమీటర్లు, 18 మలుపులు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఊళ్లో ట్రాక్‌కు ఉన్న చిక్కు ఏంటంటే, మలుపు బయట కారు ఆగడానికి జాగా ఉండదు, కాంక్రీట్ దిమ్మెలే. అందుకే ఎక్కువ మలుపులు పెట్టి వేగాన్ని తుంచుతారు, దిమ్మెల పైన ముక్కలు ఎగిరి రాకుండా ఎత్తైన జాలీ కడతారు. ప్రేక్షకులు ఆ జాలీ వెనక, గ్యాలరీలో ఉన్నంతవరకూ పర్వాలేదు. చెట్టెక్కి, గోడెక్కి చూసేవాళ్లతోనే భయం. బ్యాటరీ కార్లకు ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కారు మీద చిన్న దీపం ఆకుపచ్చగా వెలిగితేనే ట్రాక్ పక్కన జెండాలు ఊపే మార్షల్ ముట్టుకోవచ్చు. ఎర్రగా ఉంటే కరెంట్ బాడీలోకి వచ్చి ఉండొచ్చు, డ్రైవర్ లోపలే ఉన్నా చెయ్యి వేయకూడదు.

రేసు ప్రమాదమా అంటే, కార్ల వల్ల మీకు కాదు. ఆ రెండు మూడు రోజులు అటువైపు ఆస్పత్రులకు వెళ్లే అంబులెన్స్‌లకు దారి ఎలా ఇస్తారన్నది నా ప్రశ్న. మళ్లీ పెడతామన్నప్పుడు మీ కాలనీ సంఘం తరఫున ముందుగా అడగాల్సింది అదే. వాకింగ్ సంజీవయ్య పార్కులో చేసుకోవచ్చు.

పుట్టినరోజుకి మా హాస్టల్ అమ్మాయిలం గో-కార్టింగ్‌కు వెళ్తున్నాం. అది పిల్లలు ఆడుకునేదే కదా, భయం లేదు కదా సార్?
– బీటెక్ విద్యార్థిని, ఇబ్రహీంపట్నం

వెళ్లండి, కానీ ఈ పేరా చదివి వెళ్లండి. 2020 అక్టోబరులో మన గుర్రంగూడలో మీలాంటి బీటెక్ అమ్మాయే కార్ట్ చక్రంలో జుట్టు చిక్కుకుని చనిపోయింది. కార్ట్‌లో సీటు వెనకే ఇరుసు తిరుగుతూ ఉంటుంది. జుట్టు, చున్నీ, స్కార్ఫ్, హుడీ తాడు ఏది అందినా క్షణంలో చుట్టేసుకుంటుంది. జడ వేసుకుంటే చాలదు. జుట్టు మొత్తం ముడివేసి, పైన గుడ్డ టోపీ పెట్టి, ఆ పైన హెల్మెట్. మిగిలిన కొస షర్ట్ లోపలికి. చున్నీలు లాకర్‌లో. హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించాక రెండు వేళ్లు మాత్రమే దూరాలి. టోపీ ఇవ్వకపోయినా, ఇరుసు మీద మూత లేకపోయినా ఎక్కొద్దు, డబ్బు వెనక్కి అడగండి. బర్త్‌డే కేక్ ఇంకో చోట కోసుకోవచ్చు.

మార్షల్‌గా పనిచేయాలంటే ఏం కావాలి అంకుల్? నాకు 19 ఏళ్లు.
– డిగ్రీ విద్యార్థి, సైదాబాద్

మంచి ఉత్తరం. రేసులు నిర్వహించే మోటార్ స్పోర్ట్ క్లబ్బులు పోటీల సీజన్‌కు ముందు వాలంటీర్లను పిలిచి శిక్షణ ఇస్తాయి. మద్రాస్, కోయంబత్తూర్ క్లబ్బులను కనిపెట్టుకుని ఉండు. డబ్బు రాదు, భోజనం పెడతారు, సాంబారు బాగుంటుంది. జెండాలు నేర్పుతారు: పసుపు ఊపితే ముందు ప్రమాదం ఉంది, వేగం తగ్గించాలి, దాటకూడదు. ఎరుపు అంటే రేసు ఆగిపోయింది. ఎన్ని నెలలు నేర్చుకున్నా మొదటి రోజు చేతులు వణుకుతాయి, అదేం ఫర్వాలేదు. కార్లు వచ్చే దిక్కుకు ఎప్పుడూ వీపు పెట్టొద్దు. ట్రాక్ మీదకు పరుగెత్తాలని ఎంత అనిపించినా పోస్ట్ ఇన్‌చార్జ్ చెప్పేదాకా కదలొద్దు. ట్రాక్ మీదకు ఏం వచ్చినా ఆశ్చర్యపోవద్దు. 2011లో నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో మన దేశపు మొట్టమొదటి ఫార్ములా వన్ ప్రాక్టీస్ ఆపించింది ఒక వీధికుక్క. ఎర్ర చొక్కా, పసుపు చొక్కా వేసుకురావద్దు, డ్రైవర్లు జెండా అనుకుంటారు. నూలు బట్టలే వేసుకో, మంటల దగ్గర పాలిస్టర్ ఒంటికి అంటుకుంటుంది. డ్యూటీలో ఫోన్ బయటికి తీస్తే అక్కడికక్కడే ఇంటికి పంపించేస్తారు. పంపించేవాళ్లలో నేనూ ఉంటాను.